ముగ్గు పోసిన ఇల్లు

పాకాలలో రైలు దిగితే దామలచెరువు బస్సెక్కండి.
గుజ్జు ఫ్యాక్టరీ వాసన ముక్కుకు తగలంగానే
కండక్టరు అరవకముందే లేచి నిలబడండి.
మలుపుకాడ దిగి నా పేరు అడగొద్దండి, ఎవరికీ తెలీదు.
దొరసానవ్వ మనవరాలి ఇల్లెక్కడని అడగండి.
"ఇల్లా? ఆయమ్మికి యాడిది ఇల్లు?" అని నవ్వితే
సరైన చోటికే వచ్చినారని అర్థం.

ఇల్లింకా లేదు.
మూడు సెంట్ల పట్టా ఉంది.
మేస్త్రీ పరంధామం సున్నంతో పోసిన ముగ్గుంది.
పునాదికి దుడ్లు చాల్లేదు, పార ఆడనే గుచ్చి ఉంది.
ఇది పడసాల. ఇది వంటిల్లు.
ఈ రెండు గీతల సందులో దేవుడు.
గోడల్లేవు కాబట్టి ఎంతమందొచ్చినా పడతారు.
వానకు ముందే రాండి, ముగ్గు నిలవదు.

మీ పేర్లు నాకెట్లా తెలుసునంటారా,
అవ్వ పెండ్లినాటి చదివింపుల నోటుబుక్కు దొరికింది,
చింతపండు కుండ అడుగున, గోనెగుడ్డ చుట్టి.
ఏ అయ్యవారు రాసినాడో, గుండ్రటి అక్షరాలు:
గుడియాత్తం చెంగమ్మ, రూపాయి పావలా.
నగరి మగ్గాలకాడి కన్నియప్ప, అంచు కండువా ఒకటి.
కోలారు గనుల మొగిలప్ప, ఐదు రూపాయలు.
ఇరుగులమ్మ, ఊరు రాయలేదు, ఇత్తడి చెంబు, మూత లేదు.

మూత లేదని కూడా రాసినారు చూడండి.
ఆ చెంబుతోనే చేనికి నీళ్ళు తెచ్చేది అవ్వ,
తొణక్కుండా అరచెయ్యి మూత పెట్టి.
ఇరుగులమ్మా, మీ వాళ్ళెవరైనా ఉంటే
అటకమీద ఒకసారి వెతకమనండి.

ఆషాఢంలో మంగళవారం, ఏ మంగళవారమైనా సరే.
పెండ్లి కాదు, చెవులు కుట్టేది కాదు, ఎవరి దినమూ కాదు.
మంచి రోజుల్లో మీకు దగ్గరోళ్ళ పిలుపులుంటాయి.
ఆషాఢంలో ఎవరూ పిలవరు, అందుకే నేను పిలుస్తున్నా.
సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పచ్చిపులుసు.
పితికిపప్పుకిది కాలం కాదు, అలగొద్దండి.
మామిడిపండు మాత్రం నన్ను అడగొద్దండి,
రెండు నెలలు తొక్క తీసిన చేతులివి,
ఏ సబ్బు పెట్టినా గోళ్ళ సందుల్లో పసుపు పోలేదు.

గుడియాత్తం వాళ్ళకి తెలుగు చదివేది రాదంట,
ఇంట్లో తిట్టుకునేది మాత్రం తెలుగులోనే అంట.
ఎవరితోనైనా చదివించుకోండి, వినేదానికేముంది.

నోటుబుక్కులో ప్రతి పేరుకూ ఎదురుగా
అవ్వ బొగ్గుతో గీసిన అడ్డగీతుంది.
వాళ్ళింట్లో శుభకార్యానికి పోయి తిరిగి చదివించొచ్చిందని గుర్తు.
మొగిలప్పకు గీత లేదు.
ఆయనింట్లో పెండ్లే జరగలేదో,
జరిగినా పిలుపు మాదాకా రాలేదో,
భూమిలోకి దిగిన తొట్టి ఆ పొద్దు పైకి రాలేదో.
అవ్వకు చదువు రాదు, ఏ పేరు ఎవరిదో వరసతో గుర్తు.
పోయేముందు రెండు రోజులు "ఐదు, ఐదు" అనింది.
మందుబిళ్ళలు లెక్క పెడతాందనుకున్నాం.

మొగిలప్ప వాళ్ళూ, మీరు తప్పకుండా రాండి.
వడ్డీ లెక్క కట్టొద్దండి, నా వల్ల కాదు.

నిజం చెప్తాను. దీన్ని ఏ పోస్టు డబ్బాలోనూ వెయ్యలేదు.
అడ్రసులు లేవు,
ఉన్న ఊర్లలోనూ ఆ ఇండ్ల మీద ఏ రోడ్డు పోయిందో.
పోయిన మంగళవారం పని లేక
ఎట్లుంటుందో చూద్దామని ముగ్గులోకి పోయినా.
కసువూడ్చి, ఇరవై ఏడు ఆకులు పరిచి,
గాలికి లేచిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టినా.

పరంధామం సైకిలు ఆపినాడు.
"ఏందమ్మే, ఎవరొస్తాండారు?"
"మావాళ్ళు" అన్నా.
నవ్వుతాడనుకున్నా.
చెప్పులు గీత బయట విడిచినాడు.
వాకిలికని తానే వదిలిన సందుకాడికి చుట్టు తిరిగొచ్చి,
దూలం తగుల్తుందేమో అన్నట్టు
తల కొంచెం వంచి
లోపలికొచ్చినాడు.